తలుపు గడియ పెట్టుకున్నాక: ఆడవాళ్ల స్వయంతృప్తి గురించి ఒక నర్సు చెప్పేది

రోగం రాదు. ముందు ఈ మాట చెప్పి మిగతాది చెప్తాను. కళ్లు మసకబారవు, జుట్టు ఊడదు, మొటిమలు రావు, ఒంట్లో సత్తువ పోదు, గర్భసంచి జారదు, రేపు పిల్లలు పుట్టకుండా పోరు. నేను నల్గొండలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో నర్సుని. ఓపీ అయిపోయినంక, తోడొచ్చిన అత్తమ్మ మందుల షాపుకు పోయిన సందు చూసుకుని, ఆడవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇది: "సిస్టరమ్మా, నాకు నేనే చేసుకుంట. ఏమన్నా అయితదా?" గొంతు ఎంత తగ్గించి అడుగుతారంటే, బీపీ పట్టీలోకి గాలి కొట్టే చప్పుడుకే ఆ మాట సగం వినపడదు.

అక్కడ నిలబడి రెండు మాటల్లో చెప్పలేనిదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది పద్దెనిమిదేళ్లు నిండిన ఆడవాళ్ల కోసం. పెళ్లయినోళ్లు, కానోళ్లు, పెనిమిటి పాలమూరు నుంచి బొంబాయి పనికి పోయి ఆర్నెల్లకోసారి వచ్చేవాళ్లు, భర్త చనిపోయినోళ్లు, నెలసరి ఆగిపోయినోళ్లు అందరికీ. చేసుకోవాలని అనిపించనివాళ్లు చేసుకోనక్కర్లేదు. వాళ్ల ఒంట్లో ఏ లోపమూ లేదు.

తప్పు చేస్తున్నామేమో అని కుమిలేవాళ్లకు ఒక తీర్పు సంగతి. 2025 మార్చిలో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ముందుకు ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య స్వయంతృప్తి పొందుతుందన్నది భర్త చేసిన ఆరోపణల్లో ఒకటి. అది భర్త పట్ల క్రూరత్వం కిందికి రాదని కోర్టు తేల్చింది. మగవాళ్లలో ఇది మామూలేనని ఒప్పుకుంటున్నప్పుడు ఆడవాళ్లకు మాత్రం మచ్చ అంటగట్టడం కుదరదని, పెళ్లయినంత మాత్రాన ఆడమనిషి సొంత వ్యక్తిత్వం పోదని కూడా చెప్పింది. ఆ తీర్పు వార్త చదివిన రోజు నాకు కళ్లు చెమర్చాయి. మా వరండాలో తల దించుకుని నిలబడినవాళ్లందరూ గుర్తొచ్చారు.

పెళ్లి కానివాళ్ల భయం కన్నెపొర గురించి. అది యోని ద్వారం అంచున ఉండే సాగే పలుచని మడత. ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది, కొందరికి పుట్టుకతోనే ఉండీ లేనట్టు ఉంటుంది. బయట బయట ముట్టుకుంటే దానికేం కాదు. దాన్ని చూసి ఎవరు ఏం చేశారో ఏ డాక్టరూ చెప్పలేరు. అత్యాచార బాధితులకు యోనిలో వేళ్లు పెట్టి చేసే రెండు వేళ్ల పరీక్షకు శాస్త్రీయ ఆధారమే లేదని, అది చేసినవాళ్లను దుష్ప్రవర్తన కింద దోషులుగా చూడాలని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

ముందు గడియ

దీని గురించి రాసేవాళ్లు చాలామంది దీపాలు, సువాసనలు, సంగీతం అంటూ మొదలుపెడతారు. మన దిక్కు ఇళ్లలో ముందు కావాల్సింది గడియ ఉన్న తలుపు. రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు గదిలో అత్తమామలు, వెనక గదిలో పిల్లలు, వంటింటికీ బాత్రూంకీ ఒకటే దారి. చెవి తలుపు మీద పెట్టుకుని చేసుకుంటే ఒళ్లు స్పందించదు. అది మీ ఒంటి తప్పు కాదు.

ఆడవాళ్ల కోరిక బండి తీరుగా నడుస్తుందని ఈ విషయం చదివినవాళ్లు చెప్తారు. ఒక యాక్సిలరేటర్, ఒక బ్రేకు. భయం, అలసట, పక్క గదిలో దగ్గు, రేపు కట్టాల్సిన సంఘం కిస్తీ, నా పొట్ట ఎట్లుందో అన్న దిగులు, ఇవన్నీ బ్రేకులే. బ్రేకు మీద కాలు పెట్టి యాక్సిలరేటర్ ఎంత తొక్కినా లాభం లేదు. కాబట్టి ఎట్ల ముట్టుకోవాలి అన్నదానికంటే ముందు, ఏ బ్రేకు తీసేయగలను అని చూసుకోండి.

వీలు ఇట్ల దొరుకుతుంది. పిల్లలు బడికి, మిగతావాళ్లు పనికి పోయిన పొద్దు అన్నిటికన్నా మంచిది. స్నానం సమయం ఆడమనిషికి ఎవరూ లెక్క అడగని సమయం, బాత్రూంకు గడియ ఎట్లాగూ ఉంటుంది. ఎండాకాలం కూలర్ మోత, వానాకాలం రేకుల మీద చినుకుల మోత మీ వైపే ఉంటాయి. "తల నొస్తుంది, కొంచెంసేపు పండుకుంట" అని చెప్పి తలుపేసుకోండి. మీ ఒంటికి అర్ధగంట అడగడానికి అంతకంటే కారణం ఎవరికీ చెప్పనక్కర్లేదు. పిల్లలు పడుకున్న గదిలో మాత్రం వద్దు.

పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఒళ్లు పులిసిపోయి ఉంటుంది. అప్పుడు ఏమీ అనిపించకపోతే దిగులు పడకండి. కొందరికి మాత్రం అదే అలసటలో దీనివల్ల మంచి నిద్ర పడుతుంది. మీది ఏ ఒళ్లో మీకే తెలుస్తుంది.

చేతుల సంగతి తప్పకుండా చూడండి. గోళ్లు చిన్నగా తీసి, అంచులు గరుకు లేకుండా రాసుకోవాలి. ఉంగరాలు తీసేయాలి. గాజులు చప్పుడు చేస్తాయి, గీరుకుంటాయి కూడా, తీస్తే మంచిది. ఆ రోజు పచ్చిమిరపకాయలు కోసి ఉంటే, కారం కలిపి ఉంటే సబ్బొక్కటే చాలదు. ఆ ఘాటు నీళ్లకు పోదు, నూనెకు కరుగుతుంది. ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో రెండుసార్లు కడగండి. అయినా అనుమానంగా ఉంటే ఆ పూటకు మానేయండి. తలనొప్పి బామ్ పూసుకున్న చెయ్యి కూడా అంతే. మంటతో ఏడ్చుకుంటూ ఆసుపత్రికి వచ్చినవాళ్లను చూశాను. మంటెత్తితే చల్లటి నీళ్లతో కడిగి, కొంచెం కొబ్బరి నూనె రాసి, మళ్లీ కడగాలి.

అద్దంలో చూసుకోవడం

ఇద్దరు ముగ్గురు పిల్లలను కన్నవాళ్లు కూడా ఒక్కసారైనా తమది తాము చూసుకుని ఉండరు. కిటికీ వెలుతురు పడే చోట గోడకు ఆనుకుని కూర్చుని, మోకాళ్లు ఎడంగా పెట్టి, చిన్న చేతి అద్దం పెట్టి చూడండి. మొదటిసారి చూడడం వరకే, ఇంకేం చెయ్యనక్కర్లేదు.

బయట వెంట్రుకలుండే పెద్ద పెదవులు. వాటి లోపల వెంట్రుకలు లేని చిన్న పెదవులు. ఇవి ఒకటి పొడవు ఒకటి పొట్టి ఉండొచ్చు, బయటికి వేలాడొచ్చు, అంచులు నల్లగా ముడతలుగా ఉండొచ్చు. అన్నీ మామూలే. తెల్లగా చేస్తామని అమ్మే క్రీముల జోలికి పోకండి. ఆ రంగు మురికి కాదు, చర్మం రంగు. చిన్న పెదవులు పైన కలిసేచోట ఒక మడత కనిపిస్తుంది. దాన్ని మెల్లగా పైకి జరిపితే చిన్న గింజంత గుండ్రని భాగం ఉంటుంది. అదే యోనిశీర్షం, క్లిటోరిస్ అని డాక్టర్లు అనేది. దాని కింద సన్నటి మూత్ర ద్వారం, ఇంకా కింద యోని ద్వారం, వెనక మలద్వారం. మూత్రం, నెలసరి ఒకే దారిన వస్తాయని అనుకునేవాళ్లు మా దగ్గరికి రోజూ వస్తారు, అందుకే వివరంగా చెప్తున్నాను.

ఈ చిన్న గింజకు సుఖం ఇవ్వడం తప్ప వేరే పనేదీ లేదు. పైకి కనిపించేది కొసభాగమే. రెండు కాళ్లు, రెండు ఉబ్బుల్లాంటి భాగాలతో లోపల యోనికి అటూ ఇటూ పరుచుకుని ఉంటుంది. ఆస్ట్రేలియాలో హెలెన్ ఓకానెల్ అనే మూత్రవ్యాధుల సర్జన్ 1998లో, మళ్లీ 2005లో దీని పూర్తి రూపం వివరంగా రాసేదాకా చాలా వైద్య పుస్తకాల్లో కూడా ఇది సరిగ్గా లేదు. 2022లో అమెరికాలోని ఒరెగాన్‌లో లెక్కపెడితే ఇందులో పదివేలకు పైగా నరాల పోగులు తేలాయి. కోరిక కలిగినప్పుడు ఇదంతా రక్తంతో నిండి ఉబ్బుతుంది, యోని గోడల నుంచి తడి ఊరుతుంది. యోని లోపలి లోతు భాగంలో అంత స్పర్శ ఉండదు, ద్వారం దగ్గరి భాగంలోనే ఎక్కువ.

"సంసారంలో నాకేం తెలువదు సిస్టరమ్మా, ఆయనకే అయితది" అని చెప్పేవాళ్లకు ఇందులోనే జవాబుంది. 2018లో అమెరికాలో అచ్చయిన ఒక సర్వేలో, లోపలి కలయిక ఒక్కటే తమకు భావప్రాప్తికి, అంటే సుఖం పూర్తిగా కొసకు చేరడానికి, సరిపోతుందన్న ఆడవాళ్లు నూటికి 18 మందే. మిగతావాళ్లలో ఎక్కువమంది బయటి ఆ గింజ దగ్గర తాకితేనే అవుతుందనో, తాకితే ఇంకా బాగుంటుందనో చెప్పారు. లోటు మీలో లేదు. తాకాల్సిన చోట ఎవరూ తాకలేదు, అంతే.

చెయ్యి ఎట్ల, ఎక్కడ, ఎంతసేపు

మూత్రం పోసుకుని, చేతులు కడుక్కుని రండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ల కింద ఒక దిండు పెట్టుకోండి. గోడకు ఆనుకుని కూర్చున్నా, పక్కకు తిరిగి పడుకున్నా సరే.

మొదటి రెండు మూడుసార్లు కింద ముట్టుకోకుండా మొదలుపెట్టమని నేను చెప్తాను. మెడ, చెవి వెనక, మోచేతి లోపలి భాగం, పొట్ట, నడుం పక్కలు, తొడల లోపలి వైపు, అరచేత్తో మెల్లగా నిమురుకోండి. ఎక్కడ హాయిగా ఉందో, ఎక్కడ గిలి పుడుతుందో, ఎక్కడ ఏమీ అనిపించడం లేదో గమనించండి. రొమ్ముల దగ్గర తొందర వద్దు. చుట్టూ తిరిగి చివరికి చనుమొనకు రండి. చనుమొనను తాకితే మెదడులో జననాంగాల స్పర్శ తెలిసే చోటే స్పందిస్తుందని 2011లో అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో మెదడు స్కాన్లతో చూశారు. కాబట్టి అక్కడ ముట్టుకుంటే కింద జిల్లుమనడం మీ ఊహ కాదు.

కిందికి వచ్చాక ముందు గుడ్డ మీద నుంచే మొదలుపెట్టండి. కాటన్ లంగా మీద నుంచి అరచెయ్యి మొత్తం ఆనించి, మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో మెల్లగా నొక్కి వదలండి. కొత్తవాళ్లకు నేరుగా తాకితే ఆ గింజ మరీ జివ్వుమంటుంది, కొందరికి నొప్పిగా కూడా ఉంటుంది. గుడ్డ అడ్డం ఉంటే అది సర్దుకుంటుంది. అది బాగున్నవాళ్లు ఎప్పటికీ అట్లనే చేసుకోవచ్చు.

గుడ్డ తీసేశాక రెండు వేళ్లు పెద్ద పెదవుల మీద పెట్టి, వాటి మధ్య ఆ గింజను అదిమినట్టుగా పైకీ కిందికీ కదపండి. నేరుగా దాని మీద కాకుండా పైనున్న మడత మీద కదిలించండి. తర్వాత చుట్టూ సున్నా చుట్టినట్టు, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి. చాలామందికి ఒక పక్క ఎక్కువ తెలుస్తుంది, ఏ పక్కో చూసుకోండి. తర్వాత అడ్డంగా, అటూ ఇటూ. తర్వాత వేలి కొసతో మెల్లగా తడుతూ. ఒక్కో తీరుకు ఒక నిమిషమైనా ఇచ్చి చూడండి. ఏది బాగుందో ఒళ్లే చెప్తుంది. నడుం దానంతటదే చేతి వైపు జరుగుతుంది, ఊపిరి మారుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. చెయ్యి ఎండినట్టు రాచుకుంటే ఆపి తడి చేసుకోండి.

చెయ్యి కంటే ఒత్తిడే నచ్చేవాళ్లు ఉంటారు. కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకుని తొడలు బిగించి వదలడం, బోర్లా పడుకుని దిండునో మడిచిన దుప్పటినో కింద పెట్టుకుని నడుం కదపడం వాళ్లకు సరిపోతాయి. చిన్నప్పటి నుంచీ ఇట్లనే అలవాటైనవాళ్లు వచ్చి "ఇది తప్పు పద్ధతా" అని అడుగుతారు. తప్పు కాదు. కాకపోతే గట్టి ఒత్తిడి ఒక్కదానికే అలవాటు పడితే, రేపు భర్త చేతి మెత్తని స్పర్శకు ఒళ్లు అంత సులువుగా స్పందించకపోవచ్చు. అప్పుడప్పుడు వేరే తీరు కూడా చూస్తుండండి.

లోపల వేలు పెట్టడం ఇష్టమైనవాళ్లకే. బయట బాగా తడి అయినంక, ఒక్క వేలు, రెండు కణుపుల లోతు చాలు. వేలిని బొడ్డు వైపుకు కొంచెం వంచి ముందు గోడను మెల్లగా నొక్కితే కొందరికి బాగుంటుంది. మూత్రం వచ్చేటట్టు అనిపిస్తుంది, ఎందుకంటే మూత్రనాళం ఆ గోడ వెనకనే ఉంది. అందుకే ముందే పోసుకుని రమ్మన్నాను. కొందరికి ఆ సమయంలో కొంచెం ద్రవం కారుతుంది, కింద ఒక తువ్వాలు వేసుకుంటే ఆ బెంగ ఉండదు. లోపల ఏమీ అనిపించనివాళ్లు బయటితోనే ఆగిపోవచ్చు, అది తక్కువ రకం సుఖం కాదు.

స్నానాల గదిలో చేతి షవర్ ఉంటే గోరువెచ్చని నీళ్లు తక్కువ వేగంతో బయటి భాగం మీద పడేటట్టు పట్టొచ్చు. ధార లోపలికి మాత్రం పంపొద్దు. లోపలి మంచి బాక్టీరియా కొట్టుకుపోతుంది. గర్భిణులైతే ధారతో పాటు గాలి లోపలికి పోతే ప్రాణాపాయం కూడా.

ఎంతసేపు అంటే పది నిమిషాలు, ఇరవై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. నెలసరికి ముందొక తీరు, తర్వాత ఒక తీరు. దగ్గరకు వస్తున్నట్టు అనిపించినప్పుడు చాలామంది వేగం పెంచుతారు, ఊపిరి బిగబడతారు. అక్కడే జారిపోతుంది. ఏ కదలిక అక్కడిదాకా తెచ్చిందో అదే కదలిక, అదే వేగం, అదే ఒత్తిడి కొనసాగించండి. నోరు కొంచెం తెరిచి ఊపిరి నిదానంగా వదలండి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలను బిగించి వదులుతుంటే కొందరికి తోడ్పడుతుంది. ఈ కండరాలను బలపరిచే వ్యాయామం 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు రాసింది. కాన్పు తర్వాత దగ్గితే మూత్రం పడేవాళ్లకు మేం నేర్పేది కూడా అదే.

భావప్రాప్తి అంటే యోని చుట్టూ కండరాలు సెకను కంటే కొంచెం తక్కువ ఎడంతో టకటకా ముడుచుకుని వదలడం. ఒకరికి ఒళ్లంతా వణుకు, ఒకరికి కింద చిన్న అదురు, అంతే. ముఖం వేడెక్కుతుంది. కొందరికి ఏడుపు వస్తుంది, భయపడకండి. వెంటనే ఆ గింజ ముట్టుకోనియ్యదు. చెయ్యి తీసేసి ఆగండి. కొద్దిసేపు అయినంక మళ్లీ మొదలుపెట్టాలనిపిస్తే పెట్టొచ్చు, ఆడవాళ్ల ఒంటికి ఆ వీలుంది. తర్వాత మూత్రం పోసుకుని, బయట మామూలు నీళ్లతో కడుక్కోండి. రాకపోతే? ఆ పూట ఒళ్లు హాయిగా అనిపించిందా లేదా అన్నదే చూడండి. అవ్వాలి అవ్వాలి అనుకోవడమే ఇంకో బ్రేకు.

నూనె, జెల్, వస్తువులు

మందుల షాపుల్లో తడి కోసం రాసుకునే, నీళ్ల ఆధారంగా చేసిన లూబ్రికెంట్ జెల్ దొరుకుతుంది. క్లాక్ టవర్ దగ్గరి షాపులో తెలిసినవాళ్లున్నారని సిగ్గుపడేవాళ్లు ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. వాసన, రంగు, చల్లదనం, వేడి అని రాసినవి వద్దు. శుభ్రమైన కొబ్బరి నూనె బయటి భాగానికి చాలామందికి పడుతుంది. చలికాలం గడ్డకట్టి ఉంటే అరచేతిలో కరిగించుకోండి. రెండు హెచ్చరికలు: నూనె తగిలితే రబ్బరు కండోమ్ చిరుగుతుంది, తరచూ దురద, పెరుగులాంటి తెల్లబట్ట వచ్చేవాళ్లు నూనె లోపలికి వాడొద్దు. తలకు రాసుకునే మందు నూనెలు, వ్యాసెలిన్, తేనె, చక్కెర ఉన్నవి ఏవీ కాదు. ఎంగిలి తొందరగా ఆరిపోతుంది.

యోని లోపల సహజంగా పులుపుంటుంది, పీహెచ్ 3.8 నుంచి 4.5 దాకా. ఆ పులుపే కాపలా. సబ్బు, డెట్టాల్, వాసన వచ్చే వాష్‌లు లోపల వాడితే ఆ కాపలా పోతుంది.

కూరగాయలు, కొవ్వొత్తులు, సీసాలు, దువ్వెన పిడులు లోపల పెట్టొద్దు. విరుగుతాయి, గీరుకుంటాయి, మట్టి ఉంటుంది. ఇరుక్కున్న వస్తువు తీయించుకోవడానికి వచ్చేవాళ్లు సిగ్గుతో రెండు మూడు రోజులు ఆలస్యం చేసి జ్వరంతో వస్తారు. అట్లా జరిగితే ఆ రోజే రండి. మేం ఎవరికీ చెప్పం, చెప్పకూడదు కూడా.

వైబ్రేటర్, అంటే సుఖం కోసం వాడే అదిరే చిన్న యంత్రం, కొనాలనుకునేవాళ్లు లోపల పెట్టేది కాకుండా బయట ఆనించే చిన్నదానితో మొదలుపెట్టండి. మెడికల్ గ్రేడ్ సిలికాన్, నునుపు, వాసన లేనిది, ఫోన్ చార్జర్‌తో ఎక్కేది, అన్నిటికంటే తక్కువ వేగం బాగా తక్కువగా ఉన్నది చూడండి. ముందు గుడ్డ మీద నుంచి, తక్కువ వేగంతో. సిలికాన్ వస్తువుకు సిలికాన్ జెల్ వాడితే పాడవుతుంది, నీళ్ల జెల్ వాడండి. వాడిన ప్రతిసారీ సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డ సంచిలో దాచండి. ఒకరిది ఇంకొకరు వాడొద్దు. మలద్వారం దగ్గర వాడింది కడగకుండా ముందుకు తేవద్దు. అడుగున వెడల్పు లేనిది ఏదీ అక్కడ పెట్టొద్దు, లోపలికి జారిపోతుంది.

ఒళ్లు మారినప్పుడు

కాన్పు తర్వాత రక్తస్రావం ఆగి, కుట్లు మానేదాకా, సుమారు ఆరు వారాలు, లోపల ఏదీ వద్దు. పాలిచ్చేటప్పుడు హార్మోను తగ్గి పొడిగా ఉంటుంది, జెల్ వాడండి. గర్భంతో ఉన్నప్పుడు మామూలుగా ఫరవాలేదు. మాయ కిందికి ఉందన్నా, రక్తం కనిపించినా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం ఉందన్నా డాక్టరమ్మను అడిగేదాకా ఆగండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు సుఖంతో ఏ సంబంధమూ లేదు.

గర్భసంచి తీయించుకున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది, అందులో ముప్పైలలో ఉన్నవాళ్లు కూడా. "ఇగ నా పని అయిపోయింది" అని వాళ్లనడం నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది. ఆ గింజను ఎవరూ తీయలేదు, అది అక్కడే ఉంది. గాయం మానాక బయటి సుఖం మామూలుగానే ఉంటుంది. లోతుగా వచ్చే అదురులో కొందరికి తేడా తెలుస్తుంది. అండాశయాలు కూడా తీసేసి ఉంటే, లేదా నెలసరి దానంతటదే ఆగిపోయి ఉంటే, అక్కడి చర్మం పలుచబడి మంట, పొడి వస్తాయి. డాక్టరు రాసిచ్చే ఈస్ట్రోజన్ అనే హార్మోను క్రీము చాలామందికి బాగా పనిచేస్తుంది. అడగడానికి సంకోచించొద్దు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు మాత్రం వాడేముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పి అడగాలి.

మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లకు వెన్ను, తుంటి, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కాళ్లు ఎడం చేయడమే కష్టం. వాళ్లు పక్కకు తిరిగి పడుకుని, రెండు మోకాళ్ల మధ్య మందమైన దిండు పెట్టుకుంటే తుంటి మీద బరువు పడదు. చెయ్యి వెనక నుంచి కాకుండా ముందు నుంచి రానివ్వండి. మోచెయ్యి కూడా వంగనివాళ్లకు పొడవు పిడి ఉన్న వైబ్రేటర్ నిజంగా పనికొచ్చే వస్తువు. నొప్పుల ఒంటికి కూడా సుఖం కావాలి. నొప్పి మాత్రలు వేసుకున్న గంటకు ఒళ్లు కొంచెం వదులుగా ఉంటుంది, ఆ సమయం చూసుకోండి.

షుగర్ ఉన్నవాళ్లకు స్పర్శ తగ్గి ఎక్కువసేపు పట్టొచ్చు, దురద ఇన్ఫెక్షన్లు ఎక్కువ. దిగులుకు వాడే కొన్ని మందుల వల్ల భావప్రాప్తి ఆలస్యమవుతుంది లేదా రాదు. మాత్ర సొంతంగా మానేయకండి, మార్చమని అడగండి.

గతంలో ఎవరైనా బలవంతం చేసినవాళ్లకు, ముట్టుకోగానే ఒళ్లు గడ్డకట్టినట్టు అయిపోవచ్చు, ఆ జ్ఞాపకం ముంచుకు రావచ్చు. చెయ్యి తీసేసి, కాళ్లు నేలకు ఆనించి కూర్చుని, గదిలో కనిపించే వస్తువుల పేర్లు ఒక్కొక్కటే పలకండి. ఆ రోజుకు చాలు. మనసు బాధకు ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు. ఇంట్లో ఇప్పటికీ హింస ఉంటే మహిళా హెల్ప్‌లైన్ 181.

ఫోను గురించి గట్టిగా చెప్తున్నాను. ఒంటరిగా ఉన్నానని తెలిసి తీయటి మాటలతో వీడియో కాల్ చెయ్యమనేవాళ్లు, రికార్డు చేసి డబ్బులు గుంజేవాళ్లు ఉన్నారు. మీ ఒంటి ఫొటో, వీడియో ఎవరికోసమూ తీయకండి. బెదిరిస్తే ఒక్క రూపాయి కూడా పంపకుండా, మెసేజ్‌లు చెరిపేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

భర్త ఉన్నవాళ్లు ఇక్కడ నేర్చుకున్నది ఆయనకు చెప్పడం గొడవతో మొదలుపెట్టకండి. ఆయన చెయ్యి మీద మీ చెయ్యి పెట్టి, ఎక్కడ, ఎంత మెల్లగా అన్నది చేత్తోనే చూపించండి. మాటల్లో అయితే "ఇట్ల చేస్తే నాకు మంచిగుంటది" అన్నది చాలు. ఎట్ల తెలిసిందని అడిగితే చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఎన్నిసార్లు అన్నదానికి లెక్క లేదు. పని, నిద్ర, తిండి చెడనంత వరకు, పుండు పడనంత వరకు అది మీ ఒంటి సంగతి. కానీ ముట్టుకున్న తర్వాత రక్తం కనపడడం, చెడు వాసనతో తెల్లబట్ట, తగ్గని దురద, పుండు, గడ్డ, మూత్రంలో మంట, వేలు కొస పెట్టినా ద్వారం గట్టిగా మూసుకుపోయి నొప్పి రావడం, వీటికి మాత్రం ఆసుపత్రికి రావాలి. చివరిదానికి మంచి వైద్యముంది, కండరాలను వదులు చేయడం మెల్లగా నేర్పుతారు. తోడొచ్చినవాళ్లను బయట కూర్చోమని మేమే అంటాం, మీరు అడిగితే చాలు. లోపలికి వచ్చాక ఏం చెప్పాలో తోచకపోతే ఈ ఒక్క మాట చాలు: "మేడం, కింద ముట్టుకుంటే నొప్పి వస్తుంది, మీతో ఒంటరిగా మాట్లాడాలి."